చెరువు మీద కయాక్ క్లబ్ పెట్టి మురుగు లెక్క తేల్చడం ఎలా? హైదరాబాద్ వాళ్ల కోసం

హైదరాబాద్‌లో చెరువు గురించి బాధపడేవాళ్లలో ఎక్కువమంది దాన్ని కట్ట మీది నుంచే చూస్తారు. వాకింగ్ ట్రాక్ నుంచి, ఫ్లైఓవర్ మీది నుంచి, పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి. మురుగు వచ్చేది మాత్రం అవతలి వైపు నుంచి. తుమ్మ చెట్ల వెనక, ప్రహరీ గోడల కింద, రోడ్డు పోని చోట పైపులు తెరుచుకుని ఉంటాయి. అక్కడికి నడిచి వెళ్లడం కుదరదు. కయాక్ లాంటి చిన్న తెడ్డు పడవలో వెళ్లడం కుదురుతుంది. కాలనీ వాళ్లు, కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దలు కలిసి కయాక్ క్లబ్ పెట్టుకోవాలని నేను అనేది ఈ ఒక్క కారణం మీదే. వ్యాయామం, ఆనందం, సెల్ఫీలు ఎలాగూ వస్తాయి. క్లబ్ అసలు పని ఏమిటంటే ఏ పైపు నుంచి, ఏ నాలా నుంచి, ఎప్పుడు, ఎంత మురుగు వస్తోందో నీటి మీది నుంచి చూసి రాసిపెట్టడం, ఆ రాసింది సరైన టేబుల్ మీదికి చేర్చడం.

మొదట నీళ్లు ఎంచుకోండి

ఈ పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు ముందు మూసీ పేరే ఎత్తుతారు. మన నది కాబట్టి అది సహజం. కానీ నగరం లోపల మూసీలోకి కయాక్ దించొద్దు. అనంతగిరి కొండల్లో పుట్టి సుమారు 240 కిలోమీటర్లు పారి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. పైనుంచి వచ్చే నీళ్లు ఆ రెండు చోట్లా ఆగిపోతాయి. గేట్లు ఎత్తని రోజుల్లో, మూసీ, ఈసీ కలిసే బాపూఘాట్ దాటాక పారేదంతా దాదాపు నగరం వదిలిన నీరే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కలుషిత నదీ భాగాలను ఐదు వర్గాలుగా విడగొట్టినప్పుడు మూసీ మొదటి వర్గంలో, అంటే అన్నిటికన్నా దారుణమైన వర్గంలో చేరింది. లీటరు నీటిలో బీఓడీ (మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) 30 మిల్లీగ్రాములు దాటితే ఆ వర్గంలో వేస్తారు. మనుషులు స్నానం చేయదగిన నీటికి ఆ అంకె 3 దాటకూడదు. ఇవి చూశాక కూడా పిల్లలను ఆ నీటి మీదికి తీసుకెళ్లడానికి మనసు ఒప్పకూడదు. మూసీ కోసం చేయాల్సిన పని వేరే ఉంది, దాని గురించి చివర్లో చెప్తాను.

గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ తాగునీటి జలాశయాలు. నగర నీళ్లు, మురుగు చూసే జలమండలి అనుమతి లేకుండా అక్కడ పడవ వేయాలని అనుకోవద్దు. వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అలాంటి చోట పక్షులకే చోటు వదిలేయాలి. హుస్సేన్‌సాగర్ పెద్దది, తెరచాప పడవల వాళ్లకు అక్కడ పాత అలవాటు. కానీ గాలి బలంగా ఉంటుంది, టూరిజం లాంచీలు తిరుగుతుంటాయి. కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాలు నాలుగూ దాంట్లోకే వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది మొదటి చోటు కాదు.

నేర్చుకోవడానికి వికారాబాద్ వైపు కోట్‌పల్లి ప్రాజెక్టు లాంటి చోట్లకు, అక్కడ పడవలు నడుపుతున్నారో లేదో ముందే కనుక్కుని, ఒక ఆదివారం వెళ్లి రండి. నిఘా పనికి మాత్రం మీ ఇంటికి దగ్గర్లో ఉన్న మధ్యరకం చెరువు చాలు. కట్ట నుంచి మొత్తం కనిపించాలి, ఒడ్డున పడవ దించడానికి గట్టి నేల ఉండాలి. పడవలు కొనకముందే ఎండాకాలంలో తెల్లవారుజామున ఆ కట్ట మీదికి వెళ్లి చూడండి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయా? కుళ్లిన గుడ్ల వాసన వస్తోందా? నీళ్లు నల్లగా ఉన్నాయా? మూడింటిలో ఏది ఉన్నా అది మనుషులు దిగాల్సిన చెరువు కాదు. దాని నిఘా ఒడ్డు మీది నుంచే చేయాలి.

చెరువు ఎవరిదో తెలుసుకోండి

ఇక్కడే చాలా ఉత్సాహాలు చల్లారిపోతాయి. కాబట్టి ఓపిక పట్టండి. ఒకే చెరువుకు చాలామంది సొంతదారులు ఉంటారు. కట్ట, తూము, మత్తడి నీటిపారుదల శాఖవి. చుట్టూ ట్రాక్, గార్డెన్ మున్సిపల్ కార్పొరేషన్‌వో, నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏవో అయి ఉంటాయి. మురుగు పైపులు, ఎస్టీపీలు (మురుగు శుద్ధి ప్లాంట్లు) జలమండలివి. శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, కొంత పట్టా భూమి కూడా ఉండొచ్చు. చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి పూర్తి నీటిమట్టం) మ్యాపులు హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మీ చెరువు మ్యాపు దించుకుని ప్రింట్ తీసి గోడకు అంటించండి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ ఉండాలన్నది నిబంధన. ఆ గీత ఎక్కడుందో తెలియనివాడికి ఒడ్డున మట్టి పోస్తున్నా తప్పు కనపడదు.

అందరికన్నా ముందు కలవాల్సింది అధికారులను కాదు, చేపలు పట్టేవాళ్లను. గంగపుత్రులు, ముదిరాజ్‌లు తరాలుగా ఆ నీటి మీద బతికినవాళ్లు. తెప్ప మీద తెల్లవారకముందే వెళ్తారు కాబట్టి రాత్రి మురుగు ట్యాంకర్ ఎక్కడ ఆగిందో, ఏ నాలా వచ్చిన ఏడాది చేపలు చచ్చాయో వాళ్లకు తెలుసు. సంఘం అధ్యక్షుణ్ణి వెతుక్కుంటూ వెళ్లి, "అన్నా, మీ వలల జోలికి రాం, మీరు వద్దన్న చోటికి పోం, నీళ్ల సంగతి మాకు చెప్పండి" అని అడగండి. వల ఎక్కడ వేస్తారో, ఏ సమయంలో తీస్తారో రాసుకుని, ఆ వేళల్లో అటు పోకూడదని క్లబ్ నియమంగా పెట్టుకోండి. వాళ్లలో ఇద్దరికైనా క్లబ్‌లో రక్షకులుగా జీతమిచ్చే పని ఇవ్వగలిగితే ఇంకా మంచిది. ఈతలోనూ ఆ నీటి మీది అనుభవంలోనూ మీ సభ్యులెవరూ వాళ్లకు సాటిరారు.

తర్వాత క్లబ్‌ను సొసైటీగా రిజిస్టర్ చేయించండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రిజిస్ట్రేషన్ ఉంటే బ్యాంకు ఖాతా తెరవొచ్చు, బీమా తీసుకోవచ్చు, లెటర్‌హెడ్ మీద దరఖాస్తు పెట్టొచ్చు. పడవ దించడానికి అనుమతి రాతపూర్వకంగానే తీసుకోండి. నోటిమాటగా "కానియ్యండి సార్" అన్న అధికారి బదిలీ అయిపోతే ఆ మాట కూడా ఆయనతో పాటే పోతుంది.

పడవలు, జాకెట్లు

లోపల కాళ్లు దూర్చి కూర్చునే కయాక్‌లు కొనొద్దు. పైన కూర్చునే రకం, గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసినవి తీసుకోండి. తిరగబడినా మనిషి ఇరుక్కోడు, నీళ్లు నిండి మునగదు, ఒడ్డున రాళ్లకు గీసుకున్నా పాడవదు. ఒంటరి పడవ ఇరవై, పాతిక కిలోల వరకు బరువుంటుంది కాబట్టి ఇద్దరు మోస్తే సరిపోతుంది. మొదట్లో ఇద్దరు కూర్చునేవే ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఒకరు తెడ్డు వేస్తుంటే ఇంకొకరు ఫొటో తీయగలరు, రాయగలరు. మన పనికి అదే కావాలి.

లైఫ్ జాకెట్ విషయంలో బేరం చేయకండి. దాని మీద తేల్చే బలం 50 న్యూటన్లు అని ఉంటే ఈత వచ్చి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్లకు మాత్రమే. ఈత రానివాళ్లకు, పిల్లలకు 100 న్యూటన్ల రకం ఇవ్వండి. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే అది ఆ మనిషి సైజు కాదు. జాకెట్‌కు ఒక విజిల్ కట్టండి. ఎంత ఈత వచ్చినవాడైనా, క్లబ్ పెట్టినవాడైనా, ఫొటో దిగడానికైనా జాకెట్ లేకుండా పడవెక్కకూడదు. ఒక్కసారి సడలిస్తే ఆ నియమం ఇక నిలబడదు.

మొదటి నెలంతా స్విమ్మింగ్ పూల్‌లోనో శుభ్రమైన నీటిలోనో సాధన చేయండి. కావాలని పడవ తిరగేయించడం, తెడ్డు వదలకుండా పడవను పట్టుకోవడం, దాన్ని సరిచేసి కాళ్లు తన్నుకుంటూ అడ్డంగా పైకెక్కడం, పక్క పడవవాళ్లు పట్టుకుని సాయం చేయడం. ఇవి వచ్చేదాకా ఎవరినీ చెరువులోకి పంపొద్దు. మురుగు కలిసిన నీటిలో నేర్చుకోవాల్సిన పాఠం కాదిది.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఈదురుగాలి ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. అందుకే పొద్దున తొమ్మిదికల్లా పడవలన్నీ ఒడ్డెక్కాలి. ఉరుము వినిపిస్తే వెంటనే వెనక్కి రావాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా నీటిలోకి వెళ్లొద్దు. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిపోయాక తిరుగు ప్రయాణంలో గాలే తోడొస్తుంది.

ఒంటికి ఏమీ కాకుండా

నగర చెరువులో కనిపించేది ఆకుపచ్చ నీరే అయినా దాంట్లో మలం కలిసి ఉందనుకునే మెలగాలి. చేతి మీద, కాలి మీద పుండు ఉన్నవాళ్లు ఆ రోజు ఒడ్డున డ్యూటీ చేయాలి. నీళ్లు నోట్లోకి, కళ్లలోకి పోకుండా చూసుకోవాలి. రాగానే సబ్బుతో కడుక్కోవాలి, ఆ తర్వాతే టీ. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాల గురించి సభ్యులందరూ డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే ఎలుక జ్వరం గురించి అందరికీ చెప్పండి. నీటిలో తిరిగిన నాటి నుంచి నెల రోజుల లోపు జ్వరం, పిక్కల్లో గట్టి నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లి "నేను చెరువులో పడవ నడుపుతాను" అని తప్పకుండా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే వైరల్ ఫీవర్ అనుకునే ప్రమాదం ఉంది.

పరిశ్రమల నీళ్లు వచ్చే చోట్లకు అసలు వెళ్లకండి. 2007లో అచ్చయిన ఒక పరిశోధన పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. ఇది శుద్ధి చేసి వదిలిన నీటి సంగతి! అలాంటి నీటిలో మందులకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. చిన్న గాయం కూడా పెద్ద కష్టంగా మారొచ్చు.

మరొకటి. కల్వర్టుల్లోకి, బాక్స్ డ్రెయిన్లలోకి పడవ పోనివ్వకండి. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మూసిన చోట పేరుకుంటుంది. అది మరీ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని ముందుకు వెళ్లినవాళ్లు తిరిగిరారు.

చెత్త ఏరే రోజు

చెత్త ఏరడం మంచి పనే, మనుషులను కలపడానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ అదే క్లబ్ పని అనుకోవద్దు. ఆదివారం ఏరిన చెత్త నాలా తెరిచి ఉన్నంత కాలం మళ్లీ వస్తుంది. నెలకొకసారి చాలు.

ఆ రోజుకి ముందే మున్సిపల్ శానిటేషన్ సిబ్బందితో మాట్లాడి, తీసిన చెత్తను అదే రోజు లారీ ఎత్తుకెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. కట్ట మీద కుప్ప పోసి వెళ్లిపోతే రాత్రి వానకు మళ్లీ చెరువులోకే జారుతుంది. పడవలో ఉన్నవాళ్లు తేలేవి మాత్రమే తీయాలి, అదీ వలగంటెతోనో పొడుగు పట్టుకర్రతోనో. సిరంజిలు, గాజు, చచ్చిన జంతువులు ముట్టుకోకుండా చోటు గుర్తుపెట్టుకుని సిబ్బందికి చెప్పండి. ఒంగి లాగబోతే పడవ తిరగబడుతుంది, బరువైనది తాడు కట్టి ఒడ్డు నుంచి లాగాలి. వినాయక నిమజ్జనం తర్వాత, బొమ్మల ఇనుప చట్రాలు పూర్తిగా తీసేశారని తెలిసేదాకా ఆ చెరువులోకి కయాక్ దించకండి. నీటి కింద నిలబడిన ఇనుప చువ్వ పడవలో ఉన్నవాళ్లకు కనిపించదు.

ఏరిన దాన్ని పారేయకముందు ఒక అరగంట కేటాయించి రకాల వారీగా లెక్కపెట్టండి. పాల ప్యాకెట్లు ఎన్ని, గుట్కా పౌచ్‌లు ఎన్ని, నీళ్ల సీసాలు ఎన్ని, ఏ కంపెనీవి ఎన్ని. ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదేనని నిబంధనలు చెప్తున్నాయి. లెక్క ఉంటేనే ఆ బాధ్యత గుర్తుచేయగలం.

గుర్రపుడెక్క గురించి ఒక మాట. అనుకూలమైన వేడిలో అది రెండు వారాల్లో రెట్టింపవుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి తిండి. యంత్రంతో తీసినా చేత్తో తీసినా తిండి అందుతున్నంత కాలం మళ్లీ కమ్ముకుంటుంది. మీ పడవకు అంటుకున్న ఒక్క మొక్క ఇంకో చెరువును నింపగలదు. అందుకే పడవను ఒక చెరువు నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లేముందు కడిగి, నీళ్లన్నీ ఒంపి, ఎండలో బాగా ఆరనివ్వండి. జమ్ముగడ్డి పొదల దగ్గరికి పోకండి, నామాలకోళ్లు అక్కడే గూళ్లు పెడతాయి.

అసలు పని: నాలా నోళ్లు లెక్కించడం

చెరువు చుట్టూ ఒడ్డు వెంబడి నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిరగండి. లోపలికి తెరుచుకున్న ప్రతి పైపుకూ, నాలాకూ, గోడలో కన్నానికీ ఒక నంబరు ఇవ్వండి. మత్తడి నుంచి మొదలుపెట్టి గడియారం తిరిగే దిశలో ఒకటి, రెండు, మూడు. ఆ నంబరు ఎప్పటికీ మారకూడదు. పైపు మూసేసినా దాని నంబరు ఇంకోదానికి ఇవ్వకూడదు. ప్రతిదానికీ ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి రెండు ఫొటోలు తీయండి. ఒకటి దగ్గర నుంచి, ఒకటి వెనక ఉన్న భవనమో సెల్ టవరో కనిపించేలా దూరం నుంచి. తర్వాతి నెలల్లోనూ అదే చోట, అదే కోణంలో తీయాలి. ఫోన్ తడవకుండా పర్సు, తెడ్డు పక్కన తాడుకు కట్టిన పెన్సిలు, నీటికి చెడని కాగితం ఉంటే చాలు.

ఏం రాయాలి? తేదీ, సమయం, చివరిసారి వాన ఎప్పుడు పడింది, నీరు పారుతోందా లేదా, పైపు మందం ఎంత, రంగు, వాసన, నురగ ఉందా. వీటిలో వాన సంగతి అన్నిటికన్నా ముఖ్యం. మూడు రోజులుగా చినుకు పడకపోయినా వాననీటి నాలా నోట్లోంచి నీళ్లు పారుతున్నాయంటే అవి వాననీళ్లు కావు. ఎక్కడో డ్రైనేజీ లైను దానికి కలిపారన్నమాట. మన దగ్గర చాలా చెరువుల ముందు మురుగును అడ్డగించి ఎస్టీపీ వైపు మళ్లించే కట్టడాలు ఉన్నాయి. వాటిలో చెత్త ఇరుక్కుంటే మురుగు అడ్డుగోడ దాటి చెరువులోకి పడుతుంది. ఇది కాగితం మీద కనపడదు, ఆఫీసులో మ్యాపు చూస్తే అంతా మళ్లించేసినట్టే ఉంటుంది. ఎండరోజున పారుతున్న నాలా ఫొటో ఒక్కటి ఉంటే ఇంజనీరు కాదనలేడు. అందుకే ఒకే రోజు అన్నీ చూసి వదిలేయకుండా, ఎండరోజు ఒకసారి, వాన వెలిసిన మర్నాడు ఒకసారి చూడండి. ఇళ్ల మురుగు పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఎక్కువ వస్తుంది. మధ్యరాత్రి పెరిగే ప్రవాహం, తొలి వానకు మారే రంగు వేరే కథ చెప్తాయి. ధరణినగర్‌లో భారీ వానలకు పరికి చెరువు నాలా నుంచి ఇళ్ల ముందుకు పొంగి వచ్చిన తెల్లటి నురగను టీవీల్లో చూసే ఉంటారు. అలాంటి రోజున సమయంతో సహా తీసిన ఫొటో విలువ చాలా ఎక్కువ.

ట్యాంకర్ మురుగు వదులుతూ కనిపిస్తే దగ్గరికి వెళ్లి గొడవపడకండి. దూరం నుంచే నంబరు, సమయం, చోటు రాసుకుని 112కి ఫోన్ చేయండి. మీ పిల్లలు పడవలో ఉన్నారన్న సంగతి గుర్తుంచుకోండి.

నీటి పరీక్ష: ఏది చేయాలి, ఏది అక్కర్లేదు

మలం కలిసిందో లేదో చెప్పే సీసాలు మార్కెట్‌లో దొరుకుతాయి, కలిసి ఉంటే ఒకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడతాయి. బావికి, బోరుకు అవి చాలా మంచివి. నగర చెరువుకు అక్కర్లేదు, ఎలాగూ నల్లబడతాయి. ఆ డబ్బుతో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) మీటరు, పీహెచ్ పట్టీలు, నీటిలో కరిగిన ఆక్సిజన్ చూసే కిట్ కొనండి. నలుపు, తెలుపు రంగులు వేసిన ఇరవై సెంటీమీటర్ల బిళ్లకు కొలతాడు కట్టి నీటిలోకి దించి, అది కనిపించకుండా పోయే లోతు రాయండి. దీన్ని స్కూలు పిల్లలే తయారుచేసుకోగలరు.

ఆక్సిజన్ అంకెను చదవడంలో ఒక కిటుకు ఉంది. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు ఉండాలంటారు. మీరు మధ్యాహ్నం రెండుకు కొలిస్తే చెరువులో పది కూడా కనిపించొచ్చు. దానికి సంతోషపడకండి. 30 డిగ్రీల వేడిలో నీరు మామూలుగా పట్టుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములే. మిగతాది నాచు ఎండలో వదిలిన ఆక్సిజన్. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ తాగేస్తుంది కాబట్టి తెల్లవారేసరికి సున్నాకు దగ్గరవుతుంది. చేపలు తెల్లారేసరికి చచ్చి తేలేది ఎక్కువగా ఇందుకే. కాబట్టి కొలత ఎప్పుడూ సూర్యోదయ వేళే తీసుకోండి. ప్రతిసారీ అదే చోట, అదే లోతులో.

ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోండి. మీరు సీసాలో పట్టుకెళ్లిన నీళ్లు కోర్టులో సాక్ష్యం కావు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారి పద్ధతి ప్రకారం తీసిన నమూనానే చెల్లుతుంది. మీ లెక్కలు ఆ అధికారిని సరైన రోజు, సరైన వేళ, సరైన నంబరు పైపు దగ్గరికి రప్పించడానికి.

ఎవరికి రాయాలి, ఎలా రాయాలి

"చెరువు కంపు కొడుతోంది, కాపాడండి" అని రాసిన ఉత్తరం ఏ ఫైల్లోనూ కదలదు. "6వ నంబరు నాలా, ఈ లొకేషన్, ఈ మూడు తేదీల్లో వాన లేకున్నా మురుగు పారింది, ఫొటోలు జతచేశాం, డ్రైనేజీ లైను ఎక్కడ కలిసిందో చూసి మూయించండి" అని రాయండి. ఒక ఉత్తరంలో ఒకే పైపు. మురుగు పొంగితే జలమండలి 155313 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మట్టి పోసి చెరువు పూడుస్తుంటే, ఆక్రమిస్తుంటే చెరువుల ఆక్రమణలు చూడటానికి 2024 జులైలో ఏర్పాటైన హైడ్రాకు రాయండి. రసాయనాల వాసన, రంగు, నురగ ఉంటే కాలుష్య నియంత్రణ మండలికి. అన్నీ కలగాపులగంగా ఉన్నప్పుడు సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇచ్చి, రసీదు తీసుకోండి.

జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. "మా ఫిర్యాదు ఏమైంది?" అని అడగడం కన్నా "మా చెరువు పక్క ఎస్టీపీకి రోజుకు ఎంత మురుగు వస్తోంది, ఎంత శుద్ధి అవుతోంది, గత ఆరు నెలల రోజువారీ రిజిస్టరు నకలు ఇవ్వండి" అని అడగడం మేలు. ప్లాంటు సామర్థ్యం ఎంతైనా, దాని దాకా మురుగు చేరకపోతే లాభం లేదు, ఆ తేడా రిజిస్టరులోనే దొరుకుతుంది. అప్పటికీ కదలిక లేకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ ఉంది. అక్కడిదాకా వెళ్లేవాళ్లకు నెలనెలా ఒకే పద్ధతిలో రాసిన రికార్డే బలం. కిందిస్థాయి ఇంజనీర్లతో మర్యాదగా ఉండండి. వాళ్లలో పని చేయాలనుకునేవాళ్లు ఉన్నారు, పైవాళ్లను బడ్జెట్ అడగడానికి మీ ఫొటోలు వాళ్లకే మొదట పనికొస్తాయి.

ఒడ్డున ఉన్న బస్తీ మీద నేరం మోపే మాట మీ ఉత్తరాల్లో రానివ్వకండి. డ్రైనేజీ లైనే వేయని గల్లీలో ఉన్నవాళ్లు మురుగును ఎక్కడికి పంపాలి? మురుగు లైను కోసం వాళ్లతో కలిసి అడగండి. గేటెడ్ కమ్యూనిటీ వెనక గోడ కింద నుంచి వచ్చే పైపు కూడా మీ మ్యాపులో అదే సైజు చుక్కగా ఉండాలి.

మూసీ కోసం

వానాకాలం, అంటే జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా, పడవలు చాలావరకు షెడ్డులోనే ఉంటాయి. ఆ నెలలు మూసీకి ఇవ్వండి. ఉస్మాన్‌సాగర్ పూర్తి మట్టం 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1,763.5 అడుగులు. మట్టం అక్కడికి దగ్గరవుతోందని వార్త వస్తే గేట్లు ఎత్తుతారు, నది గంటల్లో మారిపోతుంది. 2020 అక్టోబరులో, మళ్లీ 2025 సెప్టెంబరు చివర్లో అది ఎంత వేగంగా పెరిగిందో ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుసు. ఆ రోజుల్లో నది దగ్గరికి కూడా పోకండి. ఎవరైనా సాహసంగా పడవ దించుదామంటే క్లబ్ నుంచి తీసేయండి. దిగువన కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) దగ్గర ఏ కాలంలోనూ వద్దు. కత్వ మీది నుంచి దూకిన నీరు కింద తిరగబడి మనిషిని అక్కడే తిప్పుతుంది, లైఫ్ జాకెట్ ఉన్నా బయటికి వదలదు.

పని వంతెనల మీది నుంచే చేయాలి. బాపూఘాట్, పురానాపూల్, నయాపూల్, చాదర్‌ఘాట్, మూసారాంబాగ్, నాగోల్ అని ఆరు చోట్లు పెట్టుకుని, నది మామూలుగా ఉన్న ప్రతి నెలా మొదటి ఆదివారం ఒకే గంటలో ఆరుగురు ఆరు చోట్ల నిలబడి, రెయిలింగ్‌కు ఇవతల నుంచి అదే కోణంలో ఫొటో తీసి రంగు, నురగ, వాసన, కనిపించే పైపులు రాయండి. చెరువుకు వాడిన ఫారమే దీనికీ వాడండి. పీర్జాదిగూడ వైపు ఒడ్డున ఆ నీళ్లతోనే పాడి పశువులకు గడ్డి పెంచేవాళ్లను కలవండి. నీటి రంగు ఏ గంటకు మారుతుందో వాళ్లు చెప్పగలరు. మీ చెరువు మత్తడి దూకిన నీరు ఏ నాలా గుండా ఎక్కడ మూసీలో కలుస్తుందో ఒకసారి నడిచి వెళ్లి, ఆ దారిని మీ చెరువు మ్యాపు మీదే గీయండి. ఆ దారిలోని కాలనీ సంఘాలకు తలా ఒక మ్యాపు కాపీ, ఖాళీ ఫారాల కట్ట ఇవ్వండి. దసరా సెలవుల్లో అందరి ఫారాలు ఒకచోట చేర్చి, నంబర్లు సరిచూసి, సెలవుల తర్వాత వచ్చే మొదటి ప్రజావాణికి పట్టుకెళ్లండి.